ఎంఆర్ఐ గ్రాఫులో మన సుబ్బారావు

ప్రోస్టేట్ గ్రంథికి తీసే ఎంఆర్ఐలో బొమ్మలే కాదు, అవసరమైతే ఒక గ్రాఫు కూడా తీయొచ్చు. అందులో చూడాల్సినవి ముఖ్యంగా మూడు శిఖరాలు. ఒకటి కోలిన్, దాన్ని ఆనుకుని క్రియాటిన్, కాస్త ఎడంగా సిట్రేట్. ఏది ఎంత ఎత్తుందో చూసి అక్కడి కణాలు మామూలుగా ఉన్నాయా, దారి తప్పాయా అని డాక్టర్లు అంచనా వేస్తారు. మధ్యలో ఉన్న ఆ క్రియాటిన్ శిఖరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం కూడా కలిసి ఉంటుంది. శరీరంలో అలాంటిది ఒకటుందని 1927లో లోకానికి చెప్పిన ఇద్దరిలో ఒకరు భీమవరంలో పుట్టిన తెలుగువాడు.

ఆయన మెట్రిక్ రెండుసార్లు తప్పారు. మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ పట్టా దక్కలేదు. సర్కారు కొలువుకు దరఖాస్తు పెడితే రాలేదు. అమెరికా వెళ్లి ఆసుపత్రిలో నైట్ డ్యూటీకి కుదిరి రోగుల బెడ్‌ప్యాన్‌లు కడిగారు. పేరు యల్లాప్రగడ సుబ్బారావు. పోటీ పరీక్షలు రాసేవాళ్లకు ఆయన ఒక బిట్ ప్రశ్నగా తెలుసు. మెథోట్రెక్సేట్, టెట్రాసైక్లిన్ అని జవాబు పెట్టి ముందుకెళ్లిపోతాం. ఆ మందులకు ముందు ఆయన ఏం చేశారో తెలిస్తే, నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్న మనకు ఇంకొంచెం పనికొస్తుంది.

మూడో ప్రయత్నంలో మెట్రిక్

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఏడుగురు పిల్లల్లో నాలుగోవారు. ఇంట్లో డబ్బుకు ఎప్పుడూ కటకటే. 13 ఏళ్ల వయసులో చదువు వదిలేసి, కాశీలో యాత్రికులకు అరటిపళ్లు అమ్మి సంపాదిద్దామని బంధువుల అబ్బాయితో కలిసి ఇంట్లోంచి పారిపోయారు. పట్టుకొచ్చి మళ్లీ బడిలో కూర్చోబెట్టారు. తండ్రి జగన్నాథం పోయాక ఇంటి భారమంతా తల్లి వెంకమ్మ మీద పడింది. రాజమండ్రిలో కుదరని మెట్రిక్ చివరికి మద్రాసు హిందూ హైస్కూల్లో, మూడో ప్రయత్నంలో గట్టెక్కింది.

తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీ. అప్పట్లో ఆయన మనసు రామకృష్ణ మిషన్ వైపు లాగింది. సన్యాసానికి తల్లి ఒప్పుకోలేదు. వైద్యం చదివితే సేవ చేయొచ్చని మిషన్ వాళ్లే నచ్చజెప్పడంతో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. ఫీజులకు స్నేహితులు, కాబోయే మామగారు సాయపడ్డారు. గాంధీజీ పిలుపు విని ఆపరేషన్ థియేటర్‌కు ఖాదీ గౌను వేసుకెళ్లడం సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు నచ్చలేదు. రాత పరీక్షల్లో బాగానే రాసినా ఎంబీబీఎస్ బదులు దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్ పట్టా చేతికొచ్చింది.

ఆ పట్టాతో మద్రాస్ మెడికల్ సర్వీసుకు ప్రయత్నిస్తే ఫలితం లేదు. చివరికి మద్రాసులోనే ఆయుర్వేద కళాశాలలో అనాటమీ పాఠాలు చెప్పే పని దొరికింది. ఈలోగా స్ప్రూ అనే పేగు జబ్బు ఆయన అన్న పురుషోత్తంను బలి తీసుకుంది. కళ్ల ముందే మనిషి పోతున్నా ఇవ్వడానికి మందు లేదు. ఆ జబ్బు సంగతి తేల్చాలన్న పట్టుదల అప్పుడు మొదలై చివరిదాకా ఆయన్ను వదల్లేదు.

రాత్రి డ్యూటీ, పగలు ల్యాబ్

కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ చారిటీస్ ఇచ్చిన మాట, మామగారు పోగుచేసిన డబ్బు తోడై 1920ల మొదట్లో ఆయన ఓడెక్కి బోస్టన్ చేరారు. భార్య శేషగిరి అప్పుడు గర్భవతి. కొన్నాళ్లకు తిరిగొస్తానని వెళ్లారు. కొడుకు పుట్టాడు, పసితనంలోనే పోయాడు. ఆ బిడ్డను తండ్రి చూడనేలేదు. భార్యాభర్తలు మళ్లీ కలుసుకోలేదు. సుబ్బారావు గురించి రాసేటప్పుడు ఈ వాక్యాలు దాటేయడం తేలిక. కానీ ఆయన సాధించిన వాటికి ఒక ఇంట్లో ఒక మనిషి పాతికేళ్లు మూల్యం చెల్లించిందన్నది కూడా లెక్కలోకి రావాలి.

హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల కోర్సులో చేరారు. ఇండియా పట్టాతో అక్కడ డాక్టర్‌గా పని చేయడం కుదరదు. పొట్టకూటికి ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టర్ ఉద్యోగం చేశారు. మన బొగ్గుబాయి ఊళ్లలో నైట్ షిఫ్ట్ చేసొచ్చి పగలు నిద్ర లేకుండా తిరిగే మనుషుల్ని చూసినవాళ్లకు ఆ బతుకు ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు. డిప్లొమా పూర్తయ్యాక హార్వర్డ్ బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్క్ దగ్గర పరిశోధనకు చేరారు.

ఆలస్యంగా తేలిన నీలం రంగు

ఫిస్క్ ల్యాబ్‌లో ఆయనకు అప్పజెప్పిన పని వినడానికి చాలా చప్పగా ఉంటుంది. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలవడానికి మంచి పద్ధతి కావాలి. అప్పటి పద్ధతులు నెమ్మది, పైగా నమ్మకం తక్కువ. ఇద్దరూ కలిసి తయారుచేసిన పద్ధతి సూత్రం ఇంటర్ కెమిస్ట్రీ చదివినవాళ్లకు అర్థమవుతుంది. నమూనాలోని ఫాస్ఫేట్ ఆమ్లంలో మాలిబ్డేట్‌తో కలుస్తుంది. దానికి ఒక క్షయకరణి చేరిస్తే నీలం రంగు తేలుతుంది. ఫాస్ఫరస్ ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కన. తెలిసిన ప్రమాణంతో ఆ రంగును పోలిస్తే లెక్క వచ్చేస్తుంది. 1925లో అచ్చయిన ఈ ఫిస్క్-సుబ్బారావు పద్ధతి ఇప్పటికీ బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్ పుస్తకాల్లో ఆ పేరుతోనే ఉంది.

అసలు కథ ఆ తర్వాతిది. అదే పద్ధతితో కండరంలోని ఫాస్ఫేట్‌ను కొలుస్తుంటే రంగు తేలాల్సినంత వేగంగా తేలలేదు. నిమిషాలు గడిచేకొద్దీ ముదురుతూ పోయింది. ఇలాంటప్పుడు మనం ఏం చేస్తాం? రీడింగ్ తప్పొచ్చిందని కొట్టేసి, పక్కవాడి రికార్డు చూసి రాసేస్తాం. వాళ్లు ఆగి ఆలోచించారు. తమ పద్ధతి సరైనదేనని తెలుసు కాబట్టి, తేడా కండరంలోనే ఉండాలి. అక్కడి ఫాస్ఫేట్‌లో కొంత భాగం దేనికో అతుక్కుని ఉండి, ఆమ్లంలో మెల్లగా విడిపోతోంది. అందుకే రంగు ఆలస్యం. ఆ అతుక్కున్నది క్రియాటిన్. ఆ జంట పేరే ఫాస్ఫోక్రియాటిన్. కండరం పని చేస్తే అది తగ్గుతోంది, విశ్రాంతి ఇస్తే మళ్లీ పెరుగుతోంది. అంటే ఇది శరీరం దాచుకున్న బ్యాటరీ లాంటిది. అదే ఏడాది ఇంగ్లండ్‌లో ఎగిల్టన్ దంపతులు కూడా విడిగా ఇదే పదార్థం జాడ పట్టారు.

అప్పటిదాకా కండరం కదలికకు లాక్టిక్ ఆమ్లమే మూలమన్న అభిప్రాయం బలంగా ఉండేది. దానిమీద పనిచేసినవాళ్లకు 1922 నోబెల్ కూడా వచ్చింది. రంగు ఆలస్యంగా తేలడం దగ్గర మొదలైన ఈ ఫలితం ఆ అభిప్రాయాన్ని కదిలించింది. 1929లో ఫిస్క్, సుబ్బారావు కండరం నుంచి ఏటీపీని వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా ఏటీపీని కనుక్కున్నారు. కణానికి శక్తినిచ్చే నాణెం ఏటీపీ అని ఇవాళ టెన్త్ పిల్లలు చదువుకుంటున్నారు. 1930లో సుబ్బారావుకు పీహెచ్‌డీ వచ్చింది.

హార్వర్డ్ ఇవ్వని పదవి

ఇంత పని చేసినా హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన ఫ్యాకల్టీ పదవి దక్కలేదు. తన పనిని తానే ముందుకు తోసుకునే స్వభావం కాదు. ఆయన వేరుచేసిన కొన్ని పదార్థాలు ఫిస్క్ కారణంగా వెలుగు చూడలేదని, వాటిని వేరేవాళ్లు ఏళ్ల తర్వాత మళ్లీ కనుక్కోవాల్సి వచ్చిందని అదే విభాగంలో పనిచేసిన, తర్వాత నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్ చెప్పారు.

1940లో ఆయన హార్వర్డ్ వదిలి న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ల్యాబొరేటరీస్‌లో చేరారు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే యూనివర్సిటీ నుంచి ఇండస్ట్రీకి మారారు. 45 ఏళ్ల వయసులో మారారు. తర్వాతి ఎనిమిదేళ్లలో వచ్చినవే మనకు తెలిసిన పేర్లు. ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అది అన్నను చంపిన స్ప్రూకు వాడే మందు అయింది. బోదకాలుకు ఊరూరా మింగించే డీఈసీ మాత్ర అక్కడిదే. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్‌ను ఆయన నాయకత్వంలోని ల్యాబ్‌లో బెంజమిన్ డగ్గర్ కనుక్కున్నారు.

ఫోలిక్ ఆమ్లానికి ఎదురుతిరిగే అమినోప్టెరిన్‌ను లెడర్లీ తయారుచేస్తే, బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చారు. 1948లో అచ్చయిన ఆ ఫలితాల ప్రకారం 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తాత్కాలికంగా తగ్గింది. క్యాన్సర్‌ను మందుతో లొంగదీయొచ్చన్న ఆశ అక్కడ బలపడింది. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్‌ను రక్త క్యాన్సర్‌కు, కీళ్లవాతానికి ఇప్పటికీ వాడుతున్నారు. అదే ఏడాది ఆగస్టులో గుండెపోటుతో సుబ్బారావు నిద్రలోనే పోయారు. వయసు 53. అమెరికా పౌరుడు కాలేదు, ఇండియా తిరిగి రాలేదు.

అదే పదార్థం, అయస్కాంతంలో

ఇక్కడో మాట స్పష్టంగా చెప్పుకోవాలి. సుబ్బారావు ఎంఆర్ఐ కనుక్కోలేదు. ఆయన మందులు కూడా ప్రోస్టేట్ క్యాన్సర్‌కు వాడే ప్రధానమైనవి కావు. ఆయన అక్కడికి వచ్చింది వేరే దారిలో.

పరమాణు కేంద్రకాలు అయస్కాంత క్షేత్రంలో ఒక నిర్ణీత ఫ్రీక్వెన్సీకి స్పందిస్తాయని 1938లో ఇసిడోర్ రాబీ చూపించారు. ద్రవాల్లో, ఘనపదార్థాల్లో ఆ సంకేతాన్ని పట్టినవాళ్లు ఫెలిక్స్ బ్లాక్, ఎడ్వర్డ్ పర్సెల్. పర్సెల్ బృందం ఆ పని చేసింది 1945 డిసెంబరులో, హార్వర్డ్‌లోనే. సుబ్బారావు వదిలి వెళ్లి అప్పటికి అయిదేళ్లు. 1973లో పాల్ లాటర్‌బర్ ఆ సంకేతంతో బొమ్మ గీయొచ్చని చూపించారు. ఆయనకు, పీటర్ మాన్స్‌ఫీల్డ్‌కు 2003 నోబెల్ వచ్చింది.

ఈ మధ్యలో 1974లో ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు ఎలుక కాలి కండరాన్ని నూరకుండా, ఆమ్లంలో వేయకుండా అయస్కాంతంలో పెట్టి ఫాస్ఫరస్ సంకేతం విన్నారు. గ్రాఫులో వరసగా కనిపించినవి ఫాస్ఫేట్, ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ. నీలం రంగును చూసి ఫిస్క్, సుబ్బారావు విడదీసిన పదార్థాలే అన్నీ. కణం లోపలి రసాయనాలను కోత లేకుండా చదివే ఈ విద్యను ఎంఆర్ స్పెక్ట్రోస్కోపీ అంటారు. ప్రోస్టేట్ గ్రాఫు ఆ కోవలోదే. ఆరోగ్యంగా ఉన్న ప్రోస్టేట్ సిట్రేట్‌ను బాగా నిల్వ చేసుకుంటుంది. క్యాన్సర్ వస్తే సిట్రేట్ పడిపోతుంది, కోలిన్ పెరుగుతుంది. కోలిన్, క్రియాటిన్ కలిపి సిట్రేట్‌తో భాగించి వచ్చిన నిష్పత్తిని చూస్తారు.

ప్రోస్టేట్‌ను ఎంఆర్ఐ ఎలా చూస్తుంది?

ఇవాళ రోజువారీ పరీక్షలో స్పెక్ట్రోస్కోపీ తప్పనిసరి కాదు. ఎక్కువగా నమ్మేది మూడు రకాల బొమ్మల్ని.

మొదటిది టీ2 బొమ్మ. గ్రంథి వెలుపలి భాగంలో ద్రవం ఎక్కువ కాబట్టి తెల్లగా మెరుస్తుంది. క్యాన్సర్ ఉన్నచోట నల్లని మచ్చలా కనిపిస్తుంది. పాత ఇన్ఫెక్షన్ కూడా అలాగే కనిపించొచ్చు కాబట్టి ఇదొక్కటీ సరిపోదు.

రెండోది డిఫ్యూజన్. మామూలు కణజాలంలో నీటి అణువులు అటూ ఇటూ తిరుగుతాయి. క్యాన్సర్ కణాలు కిక్కిరిసి ఉంటాయి, నీటికి కదిలే సందు ఉండదు. దసరా ముందురోజు గోదావరిఖని బస్టాండ్‌లో మనం నడిచే తీరు గుర్తు తెచ్చుకోండి, అంతే. ఆ ఇరుకును యంత్రం కొలుస్తుంది.

మూడోది గడోలినియం మందు ఎక్కించి రక్తం ఎంత వేగంగా చేరుతోందో చూడటం. దీనికి ముందు కిడ్నీల పనితీరు తెలియడానికి క్రియాటినిన్ పరీక్ష చేయించమంటారు. ఈ క్రియాటినిన్ ఎక్కడిదనుకున్నారు? క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటిన్ అరిగిపోగా మిగిలేదే. మన ఊరి ల్యాబ్ రిపోర్టులో అందరికీ పరిచయమైన ఆ పదం ఆయన కథకు దగ్గరి చుట్టమే.

బొమ్మలన్నీ చూసి రేడియాలజిస్టు 1 నుంచి 5 వరకు పై-రాడ్స్ స్కోరు ఇస్తారు. 1, 2 అంటే ముఖ్యమైన క్యాన్సర్ ఉండే అవకాశం తక్కువ. 3 అటూ ఇటూ తేలనిది. 4, 5 వస్తే సాధారణంగా ఆ మచ్చ మీదే గురిపెట్టి బయాప్సీ చేస్తారు. జబ్బు గ్రంథి పొర దాటిందా, పక్కకు పాకిందా అన్నదీ ఎంఆర్ఐ చెబుతుంది.

బ్రిటన్‌లో 576 మందిపై జరిగి 2017లో వెలువడిన ప్రామిస్ అధ్యయనంలో ముఖ్యమైన క్యాన్సర్లను ఎంఆర్ఐ 93 శాతం పట్టింది. గురి లేకుండా చేసే పాతరకం బయాప్సీ పట్టింది 48 శాతమే. అయితే జబ్బు లేనివాళ్లలోనూ ఎంఆర్ఐ చాలామందిని అనుమానించింది. స్కోరు ఎక్కువ రాగానే క్యాన్సర్ ఖాయమని కాదు. తేల్చేది బయాప్సీయే. సుబ్బారావు ల్యాబ్‌లో నేర్చుకున్న క్రమశిక్షణ ఇదే కదా: రీడింగ్‌ను కొట్టేయకూడదు, అలాగని అదొక్కటే చూసి తీర్పూ చెప్పకూడదు.

ఇంట్లో పెద్దాయనకు చెప్పండి

రామగుండం, గోదావరిఖనిలో చాలా ఇళ్లలో బాయి నుంచో ఎన్టీపీసీ నుంచో రిటైరైన నాన్న, తాత, మామ ఉంటారు. రాత్రి నాలుగుసార్లు మూత్రానికి లేచినా వయసుకు మామూలేనని సరిపెట్టుకుంటారు. చాలాసార్లు అది క్యాన్సర్ కాని గ్రంథి వాపే. కానీ తొలిదశ క్యాన్సర్ అసలు ఏ లక్షణమూ చూపకపోవచ్చు. 50 దాటినవాళ్లు పీఎస్ఏ రక్త పరీక్ష తమకు అవసరమా అని డాక్టర్‌తో మాట్లాడటం మంచిది. మూత్రంలో రక్తం, ధార ఆగిపోవడం, తగ్గని ఎముకల నొప్పి ఉంటే వాయిదా వేయొద్దు. సిగ్గుపడి ఇంట్లో చెప్పనివాళ్లే ఎక్కువ. అడగాల్సింది మనమే.

మన ప్రాంతం వాళ్లకు ఇంకో ముఖ్యమైన జాగ్రత్త. వెల్డింగ్, గ్రైండింగ్, ఫిట్టర్ పని చేసినవాళ్ల కంట్లో ఎప్పుడైనా ఇనుప రజను పడి ఉంటే ఎంఆర్ఐకి ముందే టెక్నీషియన్‌కు తప్పకుండా చెప్పాలి. అంత బలమైన అయస్కాంతంలో ఆ నలుసు కదిలితే కంటికే ప్రమాదం. పేస్‌మేకర్, ఒంట్లో రాడ్లు, ప్లేట్లు ఉన్నా చెప్పాలి. ఎంఆర్ఐలో ఎక్స్-రే రేడియేషన్ మాత్రం ఉండదు.

మన చదువులకు ఇందులో చోటెక్కడ?

ఎంఆర్ఐ అంటే డాక్టర్ల వ్యవహారమే అనుకోవద్దు. 1.5 టెస్లా యంత్రంలో హైడ్రోజన్ సంకేతం వచ్చేది సుమారు 64 మెగాహెర్ట్జ్ దగ్గర, మన ఎఫ్ఎం బ్యాండ్‌కు కాస్త కింద. ఆ సంకేతాన్ని పట్టే కాయిల్, యాంప్లిఫయర్ ఈసీఈ వాళ్ల పని. ఫోరియర్ ట్రాన్స్‌ఫామ్‌తో బొమ్మగా మార్చడం సిగ్నల్ ప్రాసెసింగ్. మైనస్ 269 డిగ్రీల ద్రవ హీలియంలో అయస్కాంతాన్ని నిలబెట్టడం మెకానికల్, ఎలక్ట్రికల్ వాళ్లకు సవాలు. బొమ్మలో మచ్చను గుర్తించే సాఫ్ట్‌వేర్ సీఎస్ఈ వాళ్లది. బైపీసీ వాళ్లకు మెడికల్ ఇమేజింగ్ టెక్నాలజీ డిగ్రీలున్నాయి. ఉస్మానియా ఇంజినీరింగ్ కాలేజీలో బయోమెడికల్ బ్రాంచి ఉంది, గేట్‌లో బయోమెడికల్ పేపర్ ఉంది. వైద్య పరికరాల తయారీకి విశాఖలో మెడ్‌టెక్ జోన్ ఉంది. 2022లో రామగుండానికే ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది.

సుబ్బారావు కథ చదివి కష్టపడితే అన్నీ వస్తాయని చెప్పడం అబద్ధమవుతుంది. ఆయనకు పదవి రాలేదు, పేరు కూడా బతికుండగా రావాల్సినంత రాలేదు. అయినా 1925లో ఫాస్ఫరస్ కొలిచే చిన్న పని ఆయన ఒళ్లు వంచి చేశారు కాబట్టే 1927లో రంగు ఎందుకు ఆలస్యమైందో అర్థమైంది. మనకు మొదట దొరికే ఉద్యోగం కూడా బహుశా అలాంటి చప్పటి పనే అవుతుంది. టెస్టింగో, డేటా ఎంట్రీయో, సర్వీస్ విజిటో. ఆ పనిలో లెక్క తేడా వచ్చినరోజు కొట్టేయకుండా ఎందుకని అడగడం మాత్రం మన చేతుల్లోనే ఉంది. దానికి ఏ నోటిఫికేషనూ అక్కర్లేదు.

పరీక్షల కోసం గుర్తుంచుకోండి

- యల్లాప్రగడ సుబ్బారావు జననం: 1895 జనవరి 12, భీమవరం. మరణం: 1948 ఆగస్టు, న్యూయార్క్ రాష్ట్రం.
- ఫిస్క్-సుబ్బారావు పద్ధతి: 1925, ఫాస్ఫరస్ కొలత.
- ఫాస్ఫోక్రియాటిన్: 1927. ఏటీపీ: 1929.
- లెడర్లీలో చేరిక: 1940. ఆయన ఆధ్వర్యంలో వచ్చినవి: ఫోలిక్ ఆమ్లం తయారీ, డీఈసీ, ఆరియోమైసిన్, అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్.
- శతజయంతికి భారత తపాలా శాఖ స్టాంపు: 1995.
- ఎంఆర్ఐకి వైద్య నోబెల్: 2003, పాల్ లాటర్‌బర్, పీటర్ మాన్స్‌ఫీల్డ్.
- పై-రాడ్స్: ప్రోస్టేట్ ఎంఆర్ఐకి ఇచ్చే స్కోరు, 1 నుంచి 5 వరకు.